అడ్వాన్సుకు ముందు ఒక కాగితం: ఓరుగల్లు డీజే నిర్వాహకులకు బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ, కాజీపేటలలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పెళ్లిళ్లకు డీజే పెట్టే సోదరులకు, వారికి చోటిచ్చే ఫంక్షన్ హాళ్ల యజమానులకు నమస్కారాలు.

నేను కాశిబుగ్గ వాసిని. రెండేళ్ల వ్యవధిలో మా ఇంట రెండు పెళ్లిళ్లు జరిగాయి. మొదటిది నా చెల్లెలి పెద్దకూతురిది. రెండవది నా కొడుకుది. రెండింటికీ డీజే పెట్టించాం. వచ్చే మాఘంలో చెల్లెలి చిన్నకూతురి పెళ్లి. లగ్నపత్రిక రాసుకున్న రోజు రాత్రి చెల్లెలు ఫోను చేసింది. మండపం గురించో వంటవాళ్ల గురించో అడుగుతుందనుకున్నాను. "అన్నయ్యా, ఈసారి అప్పగింతలప్పుడు పాటలు ఆపిస్తావా?" అంది. ఆ ఒక్క మాటకు జవాబుగా ఈ లేఖ రాస్తున్నాను. జవాబు నా ఒక్కడి చేతిలో లేదు, మీ చేతిలో కూడా ఉంది.

పెద్దమ్మాయి పెళ్లి హంటర్ రోడ్డులోని ఒక తోటలో జరిగింది. ముహూర్తం ఉదయం 10 గంటల 42 నిమిషాలకు. మగపెళ్లివారు సమయానికే వచ్చారు. ఎదుర్కోలు దగ్గర డీజే అందుకుంది, కుర్రవాళ్లు ఆడారు, పెద్దవాళ్లూ ఆడారు. నేనూ రెండడుగులు వేశాను, సంతోషంగానే వేశాను. పురోహితుడు ఒకసారి మనిషిని పంపాడు, రెండోసారి తనే లేచి వచ్చాడు. ఆ హోరులో ఆయన చెయ్యి ఊపడం ఎవరికీ కనిపించలేదు. మేనకోడలిని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేసరికే ముహూర్తం దాటిపోయింది. జీలకర్ర, బెల్లం పెట్టించేటప్పటికి 11 గంటల 5 నిమిషాలు. గట్టిమేళం వాయించాల్సిన సన్నాయి పెద్దాయన సన్నాయిని ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు, తన మేళం తనకే వినిపించదని.

అది కూడా మరిచిపోగలిగాం. మరవలేనిది అప్పగింతల వేళ జరిగింది. పాలపళ్లెంలో అమ్మాయి చేతులు ముంచి అత్తమామల చేతుల్లో పెట్టాక నా చెల్లెలు కూతురి చెవి దగ్గరకు వంగి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే బయట డీసీఎం బండి మీద బాక్సులు మోగాయి. పళ్లెంలో పాలు వణకడం నా కళ్లతో చూశాను. అమ్మాయి "ఏమన్నావమ్మా? ఏమన్నావు?" అంటూనే ఉంది. తల్లి మూడుసార్లు చెప్పి, ఇక చెప్పలేక వీపు నిమిరి పంపించింది. నాలుగు రోజుల తరవాత అమ్మాయి ఫోనులో అడిగితే, "ఏమో బిడ్డా, ఇప్పుడు గుర్తు రావట్లేదు" అందట. వీడియోలో చూద్దామంటే అక్కడ పాట తప్ప మరేమీ లేదు.

ఆ డీజే అబ్బాయి మీద నాకు కోపం వచ్చింది. ఆ రాత్రే అడిగాను కూడా. అతను తల దించుకొని అన్న మాట నన్ను ఆలోచనలో పడేసింది. "నాలుగు గంటలకు బరాత్ అన్నారండీ. నాలుగైంది, మొదలుపెట్టాను. లోపల ఏం జరుగుతోందో నాకెవరూ చెప్పలేదు." నిజం. ఎవరూ చెప్పలేదు. అడ్వాన్సు ఇచ్చిన మా బావగారు చెప్పలేదు, మగపెళ్లివారు చెప్పలేదు, నేను చెప్పలేదు. అతనికి మేం ఇచ్చింది తేదీ, హాలు పేరు, బరాత్ గంట. అంతే.

అందుకే మీతో నా విన్నపం ఇది. పెళ్లి రోజు వేళలన్నీ వరసగా రాసిన కాగితం లేకుండా ఇకమీదట ఏ పెళ్లికీ అడ్వాన్సు తీసుకోకండి. ఆ కాగితం పెళ్లివారి చేత రాయించండి. రాయడం రాకపోతే పక్కన కూర్చొని మీరే రాయండి. ఏ వేళ ఏ పాట అని రాసుకునే అలవాటు మీలో కొందరికి ఉంది. దానికన్నా ముఖ్యంగా ఏ వేళ నుంచి ఏ వేళ దాకా ధ్వని ఉండకూడదో అందులో ఉండాలి.

ఇది గాలిలో చెబుతున్న మాట కాదు. నా కొడుకు పెళ్లికి చేసి చూశాం. అమ్మాయిది జనగామ, పెళ్లి అక్కడే. పది రోజుల ముందు ఒక సాయంత్రం పురోహితుణ్ణి, డీజే నడిపే అబ్బాయిని, ఫోటోగ్రాఫరును, వంటల మేస్త్రీని, సన్నాయి పెద్దాయనను మా ఇంటికి పిలిచి టీ ఇచ్చి కూర్చోబెట్టాను. వియ్యంకుడు జనగామ నుంచి ఫోనులో ఉన్నాడు. గంటన్నర పట్టింది. ఒకే పెళ్లిలో ఎన్నోసార్లు కలిసి పనిచేసిన వాళ్లు ఒకే చాప మీద కూర్చొని మాట్లాడుకోవడం అదే మొదటిసారట.

ముందు పురోహితుడు మాట్లాడాడు. ముహూర్తం విషయంలో తానెందుకు తొందరపెడతాడో చాలామందికి తెలియదని చెప్పి, లెక్క విప్పాడు. రోజుకు పన్నెండు లగ్నాలు, అంటే ఒక్కోటి సగటున రెండు గంటలు. ఆ రెండు గంటలను తొమ్మిది అంశలు చేస్తే ఒక్కో అంశ సుమారు 13 నిమిషాలు. ముహూర్తాన్ని అందులో పుష్కరాంశ అనే మంచి అంశ చూసి పెడతారు. మావాడి ముహూర్తం 11 గంటల 36 నిమిషాలు. "పుష్కరాంశ 11:45కు దాటిపోతుంది. మీ చేతిలో ఉన్నది తొమ్మిది నిమిషాలు" అన్నాడాయన. డీజే అబ్బాయి కళ్లు పెద్దవి చేసుకొని విన్నాడు. పత్రికలో ఆ నిమిషాలు అలంకారానికి వేస్తారని అనుకున్నాడట ఇన్నాళ్లూ. నమ్మకం ఉన్నవారికి ఆ తొమ్మిది నిమిషాల విలువ ఎంతో. నమ్మకం లేని వారింట్లో కూడా ఆ సమయానికి వచ్చిన నాలుగు వందల మంది అక్షతలు పట్టుకొని నిలబడి ఉంటారు కదా.

తరవాత డీజే అబ్బాయి తన బాధలు చెప్పాడు. అవి మేమంతా వినవలసిన మాటలు. పెళ్లిలో అతనికి యజమానులు ఇరవై మంది. ఒకరు పెంచమంటారు, ఒకరు తగ్గించమంటారు. పెళ్లికొడుకు స్నేహితుడు ఫోను తెచ్చి మిక్సరుకు తగిలించమంటాడు. తాగి వచ్చినవాడు మీటలు తిప్పుతాడు, స్పీకరు కాలితే డబ్బులిచ్చేవాడు కనిపించడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి బాక్సులు ఎక్కించిన పిల్లలకు మధ్యాహ్నం మూడు దాటినా అన్నం తినమనేవాడు ఉండడు. అతను చెబుతుంటే వంటల మేస్త్రీ తల ఊపుతూ, తన సంగతీ అంతేనన్నాడు. ఆ రోజే నిర్ణయించాం: డీజేకు, వాయిద్యాల వారికి, ఫోటోగ్రాఫర్లకు పన్నెండున్నరకు మొదటి పంక్తిలో భోజనం. ఆ వేళ అన్నం మీద ఉన్న డీజే ఎలాగూ మోగదు, మండపంలోని నవ్వులు వినిపిస్తాయి.

సన్నాయి పెద్దాయన ఒక్కటే అడిగాడు, తాను ఊదుతున్నప్పుడు వెనక నుంచి మైకులో "చెక్, చెక్" అనవద్దని. మైకుల పరీక్షంతా చుట్టాలు రాకముందే, తొమ్మిది గంటలకల్లా ముగించాలని రాసుకున్నాం.

ఆ కాగితంలో ఏం రాశామో చెబుతాను, మీలో ఎవరికైనా పనికొస్తుంది. పది గంటలకు మా బస్సు హాలు ముందు ఆగుతుంది. పది నుంచి పదిన్నర దాకా ఎదుర్కోలు, అప్పుడు డీజే ఎంత ఉత్సాహంగా వాయించినా అడ్డులేదు, తీన్మార్ దరువులు కూడా ఆ అరగంటలోనే. ఇరవై అయిదో నిమిషానికి ఇదే చివరి పాట అని మైకులో చెప్పాలి. పదిన్నరకు బయటి బాక్సుల కరెంటు తీసేయాలి. శబ్దం తగ్గించడం వేరు, కరెంటు తీయడం వేరు. తగ్గించిన దాన్ని ఎవరో ఒకరు పెంచుతారు. పదిన్నర నుంచి పుస్తె కట్టి తలంబ్రాలు మొదలయ్యే దాకా మండపంలో మంగళవాద్యం, మంత్రం తప్ప మరేదీ లేదు. అయితే ఆ సేపు డీజే అబ్బాయికి పని లేదనుకోకండి. పురోహితుడి అంగీకి చిన్న కాలర్ మైకు పెట్టి, వెనక వరసలో ఉన్న ముసలివాళ్లకు కూడా మంత్రం స్పష్టంగా వినిపించేలా చేసింది అతనే. పెళ్లి తరవాత మా మేనత్త అతణ్ణి పిలిచి, "ఇన్నేళ్లలో ఒక పెళ్లి మంత్రం మొదటినుంచి చివరిదాకా విన్నాను నాయనా" అని అతని తల నిమిరింది. ఆ పొగడ్త అతనికి పాటలకు ఎప్పుడూ దక్కలేదట.

తలంబ్రాలప్పుడు, ఉంగరం తీసే ఆటప్పుడు మెత్తని పాటలు. భోజనాల వైపు స్పీకర్లు తిప్పకూడదు, పక్కవాడు "ఇంకొంచెం వేయించుకోండి" అంటే వినిపించాలి. మూడున్నర నుంచి నాలుగున్నర వరకు అప్పగింతలు. ఆ వరుస కింద నా చేత్తో రెండు గీతలు గీశాను. ఆ గంటలో జనరేటరు కూడా ఆపాలి, డీసీఎం బండి హాలు గేటు ముందు నిలబడకూడదు, బాక్సులు సర్దే చప్పుడు కూడా వద్దు. బరాత్ వేళ గడియారాన్ని బట్టి కాకుండా అమ్మాయి కారెక్కడాన్ని బట్టి మొదలవుతుందని రాశాం. ఈ ఒక్క వాక్యం పెద్దమ్మాయి పెళ్లికి రాసిచ్చి ఉంటే నా చెల్లెలి మాట కూతురికి చేరేది.

సంకేతం ఎవరిస్తారన్నది తక్కువ విషయం కాదు. అంతకుముందు పెళ్లిలో డీజే బల్లను స్తంభం వెనక వేశారు, పురోహితుడి చెయ్యి అతనికి కనబడే అవకాశమే లేదు. ఈసారి మండపం సూటిగా కనిపించే చోట బల్ల వేయించాం. నా తమ్ముడి కొడుకు పసుపు కండువా భుజాన వేసుకొని నిలబడ్డాడు. కండువా పైకెత్తితే ఆపాలి, తిప్పితే మొదలుపెట్టాలి. డీజేతో మాట్లాడే అధికారం ఆ రోజంతా అతనికే. నేను పెళ్లికొడుకు తండ్రిని, అయినా ఒక పాట కావాలని అడగడానికి అతని దగ్గరికే వెళ్లాను. జీలకర్ర బెల్లం 11 గంటల 37 నిమిషాలకు పెట్టారు.

సాయంత్రం బరాత్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన వైపు డీజే అంటే ముందు గుర్తొచ్చేది అదే. జనగామ నుంచి మడికొండ, కాజీపేట మీదుగా వచ్చేసరికి ఏడయింది. ఎంజీఎం ఆసుపత్రి దగ్గర బాక్సులు మోగకూడదని ముందే అనుకున్నాం కాబట్టి పోచమ్మ మైదాన్ దాటాకే డీసీఎం కలిసింది. చట్ట ప్రకారం ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. కానీ నేను చట్టాన్ని తలుచుకొని ఆ మాట పెట్టలేదు. మా నాన్న చివరి పదకొండు రోజులు ఎంజీఎంలోనే ఉన్నాడు. కిటికీ కింద నుంచి ఎవరిదో బరాత్ పోతుంటే ఆయన దుప్పటి చెవుల మీదికి లాక్కోవడం నాకు గుర్తుంది. ఏడున్నరకు మొదలై తొమ్మిదిన్నరకు చివరి పాట, పావుతక్కువ పదికి గుమ్మంలో హారతి. రెండు గంటలూ వీధి వీధంతా ఆడింది. తృప్తి తీరలేదని ఒక్కరూ అనలేదు.

చట్టం మాట వచ్చింది కాబట్టి, తెలిసినంత చెబుతాను. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. మూసి ఉన్న హాలు లోపల వాడకానికి మినహాయింపు ఉంది గానీ, ఆకాశం కప్పుగా ఉన్న మన తోటలకూ వీధిలో వెళ్లే డీసీఎంకూ ఆ మినహాయింపు వర్తించదు. పగలైనా పోలీసుల అనుమతి కావాలి. నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. 2005 జులైలో సుప్రీంకోర్టు కూడా రాత్రి పది గంటల నిబంధనను గట్టిగా నిలబెట్టింది. 2024 అక్టోబరులో హైదరాబాద్ నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను పూర్తిగా నిషేధించారు. అది పెళ్లిళ్ల మీద వచ్చిన ఆజ్ఞ కాదు. అయినా మీరు ఆలోచించండి. అప్పు చేసి కొన్న బాక్సులు, ఆంప్లిఫయర్లు, కిస్తీలు కడుతున్న బండ్లు ఒక ఉత్తర్వుతో మూలపడతాయి. మీ వృత్తి నిలవాలని నేను కోరుకుంటున్నాను. మన ఊళ్లలో ఎందరో పిల్లలు ఈ పని మీదే ఇల్లు నడుపుతున్నారు.

చెవుల సంగతి మీకు నాకన్నా బాగా తెలియాలి, ఎందుకంటే రోజూ బాక్సుల పక్కన నిలబడేది మీరే. వినోద వేదికల్లో 15 నిమిషాల సగటు ధ్వని 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. అది పెద్ద బాక్సు ముందు నిలబడినవాడికి సులభంగా దాటిపోయే హద్దు. ఆరుబయట దూరం రెట్టింపయితే ధ్వని సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కాబట్టి బాక్సుల ముందు తాడు కట్టి పిల్లలను నాలుగు గజాల అవతల ఆపినా మేలే. మీ దగ్గర పనిచేసే కుర్రవాళ్లకు చెవుల్లో పెట్టుకునే బిరడాలు ఇప్పించండి. ఇరవై రెండేళ్ల అబ్బాయిని రెండుసార్లు పిలిస్తే గాని పలకకపోవడం నేను చూశాను. అతని తల్లి చూస్తే ఎలా ఉంటుంది?

హాళ్ల యజమానులకు ఒక మాట. మీరు అద్దె రశీదు వెనక అలంకరణ, పారిశుద్ధ్యం, కరెంటు యూనిట్ల షరతులు అచ్చు వేయిస్తారు. వాటితోపాటు డీజే బల్ల ఎక్కడ వేయాలో, ఎన్ని గంటలకు ఆపాలో కూడా అచ్చు వేయించండి. మండపం కనిపించే చోట ఒక ప్లగ్గు పాయింటు పెట్టించండి, బల్ల దానంతటదే అక్కడికి వస్తుంది. వధువు గదికి ఆనుకొని బాక్సులు పేర్చనివ్వకండి. ఒకే ప్రాంగణంలో రెండు పెళ్లిళ్లకు రెండు హాళ్లు ఇచ్చేటప్పుడు ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరి గట్టిమేళం మీద మరొకరి ఎదుర్కోలు పడితే ఆ తప్పు పెళ్లివారిది కాదు, మీది.

పెళ్లివారి బాధ్యత నాకు తెలుసు, తప్పించుకోను. కాగితం అడిగితే "అదంతా ఎందుకు, వచ్చి వాయించు" అనేవాళ్లు ఉంటారు. కాగితం అడగని డీజే వైపు పోతారేమోనన్న మీ భయమూ న్యాయమైనదే. అందుకే ఒక్కరిద్దరిని కాకుండా మీ అందరినీ కలిపి అడుగుతున్నాను. ఊళ్లోని డీజేలంతా ఒకే మాట మీద ఉంటే పెళ్లివారు కాగితం రాయక ఏం చేస్తారు? శ్రావణంలో లగ్నాలు మొదలయ్యే ముందు ఒకరోజు కూర్చొని అనుకోండి. మా వంతుగా మిగిలిన డబ్బు బరాత్ ముగిసిన రాత్రే చేతిలో పెట్టడం, పిల్లలకు వేళకు భోజనం, మిక్సరు మీద ఎవరూ చెయ్యి వేయకుండా కాపలా, ఈ మూడూ కాగితంలో రాసి సంతకం చేస్తాం. నేనైతే చేశాను.

చిన్నమ్మాయి పెళ్లి హనుమకొండలోనే. ముహూర్తం సాయంకాలం కావడంతో అప్పగింతలు రాత్రి పది దాటాక వస్తాయి, కాబట్టి ఈసారి బరాత్ లేదు, మరునాడు పగలు అబ్బాయి ఇంటి దగ్గర ఊరేగింపు పెట్టుకుంటారు. డీజేను ఇంకా కుదుర్చుకోలేదు. వేళలు రాసిన కాగితం చెల్లెలి ఇంట్లో క్యాలెండరు వెనక మడిచి పెట్టి ఉంది. అప్పగింతల దగ్గర ఎంతసేపు ఖాళీ వదలాలని అడిగితే తను కాసేపు ఆలోచించి, "చెప్పడం అయ్యేదాకా" అంది. అలాగే రాశాను. ఆ వరుసకు ఒప్పుకొని వచ్చే డీజే తమ్ముడికి అడ్వాన్సు సిద్ధంగా ఉంది.

ఇట్లు,
కాశిబుగ్గ నుంచి ఒక మేనమామ